చూసినంతవరకే పేరు: మన ఊరి రోకలిబండల్ని గుర్తుపట్టడం

(నెల్లూరులో కార్తీక మాసపు ఒక ఆదివారం సాయంత్రం టీచర్లు, విద్యార్థులు, మిద్దెతోటలు పెంచేవాళ్లు కలిసిన సభలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. మాటల్ని చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం. ఈ వాన పడకపోతే నేను వెంట తెచ్చినవి కూడా దొరికేవి కావు. ఈ బల్ల మీద మూడు డబ్బాలున్నాయి చూడండి. మూడింట్లో ఉన్న పురుగులూ ఈ పొద్దున మా ఇంటి దగ్గర పట్టినవే. మొదటిది ఎరువు గుంటలో దొరికింది, రెండోది పూలకుండీ కింద, మూడోది బాత్రూం తూము దగ్గర. మా వీధిలో నలుగురికి చూపించి ఇవేంటని అడిగాను. ముగ్గురు "మూడూ రోకలిబండలే" అన్నారు. ఒకావిడ "మూడూ జెర్రులే సార్, తొక్కిపారేయండి" అంది.

నిజానికి ఇందులో రెండు రోకలిబండలు, ఒకటి జెర్రి. ఆ రెండు రోకలిబండలు కూడా దగ్గరి చుట్టాలు కావు. చీమా సీతాకోకచిలుకా రెండూ కీటకాలే, కానీ వేర్వేరు క్రమాలకు, అంటే వర్గీకరణలో వేర్వేరు పెద్ద గుంపులకు చెందినవి కదా, ఇవీ అంతే. ఈ తేడాలు కంటితో ఎలా పట్టుకోవాలో చెప్పడానికే వచ్చాను. భూతద్దం ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది. కావలసింది ఒక నిమిషం ఆగి చూడటం.

మొదట ఆ జెర్రి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే భయమంతా దానితోనే వచ్చింది. జెర్రికి ఒక్కో కణుపుకు ఒక్క జత కాళ్లు. అవి పక్కలకు చాపుకుని ఉంటాయి, ఒళ్లు పైనుంచి అణిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. డబ్బా కదిపితే చాలు, పరుగే పరుగు. అది వేటాడి బతికేది. తల కింద విషపు కొండీలు ఉంటాయి, కరిస్తే బాగా నొప్పి పుడుతుంది. అందుకే మూడో డబ్బాకు టేపు వేసి తెచ్చాను. రోకలిబండకు కొండీలు లేవు. అది కరవదు, కుట్టదు. చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు, అవి కూడా ఒంటి కిందనే ఉంటాయి. పైనుంచి చూస్తే ఒళ్లు జారుతూ పోతున్నట్టే ఉంటుంది. పక్కనుంచి చూడండి, వరిచేలో గాలి తోలినప్పుడు వెన్నులు ఎలా అలలుగా కదులుతాయో ఆ కాళ్లు అలా కదులుతాయి.

రెండేసి జతలు ఎందుకు? మనకు ఒక కణుపుగా కనిపించేది నిజానికి రెండు కణుపులు కలిసి ఒకటైనది. దానివల్ల పరుగు రాదు, బలం వస్తుంది. జెర్రికి వేట కావాలి కాబట్టి వేగం కావాలి. రోకలిబండకు తడిమట్టిలోకి, కుళ్లిన ఆకుల్లోకి తలపెట్టి తోసుకుంటూ పోవడం కావాలి. మన తల్పగిరి రంగనాథస్వామి రథం తాడు పట్టుకున్నప్పుడు ఒక్కొక్కరి బలం కొంచెమే, అందరూ కలిసి లాగితే రథం కదులుతుంది. ఈ కాళ్లదీ అదే లెక్క.

చాలామంది "వెయ్యికాళ్ల జెర్రి" అంటుంటారు. సంస్కృతంలో సహస్రపాది అన్నా, ఇంగ్లీషులో మిల్లిపీడ్ అన్నా అర్థం వెయ్యి కాళ్లనే. కానీ 2021 వరకు వెయ్యి కాళ్లున్న రోకలిబండను ఎవరూ చూడలేదు. ఆ ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలో ఖనిజాల కోసం తవ్విన ఒక బోరు గుంటలో, 60 మీటర్ల లోతున దొరికిన దానికి 1306 కాళ్లు లెక్కపెట్టారు. దారప్పోగులా సన్నగా, పాలిపోయి, కళ్లు లేకుండా ఉంటుంది. దానికి యుమిల్లిపెస్ పెర్సెఫోనీ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో పెర్సెఫోనీ అంటే పాతాళానికి రాణి. అంతకు ముందున్న రికార్డు కాలిఫోర్నియా జాతిది, 750 కాళ్లు. మన ఎరువు గుంటలో దొరికేదానికి 200కి అటూఇటూ ఉంటాయి.

నాకు మాత్రం సహస్రపాది కంటే రోకలిబండ అన్న మాటే ఇష్టం. అది కాళ్ల లెక్కతో పుట్టిన పేరు కాదు, ఆకారం చూసి పెట్టిన పేరు. గుండ్రంగా, నున్నగా, రెండు చివరలూ మొద్దుగా, నిజంగా రోకలిలాగే ఉంటుంది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని మనకో సామెత ఉంది. రోకలిని చుట్టలేం కదా అని అందులో విరుపు. ఈ రోకలి మాత్రం వేలు తగిలితే చాలు, తనంతట తానే చుట్ట చుట్టుకుంటుంది. తల లోపల పెట్టుకుని, మెత్తటి పొట్టనూ కాళ్లనూ దాచుకుని, గట్టి వీపును బయటికి పెడుతుంది. ఆ పేరు పెట్టిన మనిషి దీన్ని వంగి చూశాడు. గుర్తుపట్టడం అంటే అదే.

ఇప్పుడు ఆకారానికి వద్దాం. రోకలిబండల్లో ఇప్పటివరకు పేర్లు పెట్టినవే ప్రపంచం మొత్తం మీద 12,000 జాతుల దాకా ఉన్నాయి, ఇంకా పేరు పెట్టనివి చాలా ఉన్నాయి. ఇన్నింటిని చూసి కంగారు పడొద్దు. మన దక్షిణాదిలో కంటపడేవి నాలుగు ఆకారాల్లో ఏదో ఒక దానికి వస్తాయి. రోకలిలా గుండ్రటివి మొదటి రకం. రెండోది, కణుపు కణుపుకూ పక్కలకు రెక్కలాంటి అంచులు పొడుచుకొచ్చి, వీపు చదునుగా కనిపించేవి. మూడోది బంతిలా చుట్టుకునేవి. నాలుగోది చాలా చిన్నది, రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. చెట్టు బెరడు కింద కనపడుతుంది, ఒళ్లంతా బ్రష్షులాగా వెంట్రుకల కుచ్చులు, తోకకు ఒక తెల్లటి కుచ్చు. దాన్ని చూసినవాళ్లెవరూ రోకలిబండ అనుకోరు, ఏదో గొంగళి పిల్ల అనుకుంటారు.

బంతి రకం గురించి ఒక జాగ్రత్త. కుండీ కింద బూడిదరంగులో చిన్నగా ఉండి, ముట్టుకోగానే గోళీలా అయ్యేది మీరంతా చూసే ఉంటారు. అది రోకలిబండ కాదు. అది రొయ్యకూ పీతకూ చుట్టం, నేలమీదికి వచ్చి స్థిరపడింది. తిరగేసి కాళ్లు లెక్కపెడితే ఏడు జతలే ఉంటాయి. అసలైన బంతి రోకలిబండలు, ఆర్థ్రోస్ఫేరా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ అడవి కొండల్లో ఉంటాయి. పడమటి కనుమల్లో చుట్టుకున్నప్పుడు నిమ్మకాయంత ఉండేవి కూడా ఉన్నాయి. మంగళూరు విశ్వవిద్యాలయం వాళ్లు వీటితో ఆకుచెత్తను ఎరువు చేయించి చూశారు కూడా. అలాగే కుళ్లిన మొద్దులో పసుపుగా, గట్టిగా, తీగముక్కలా ఉండే పురుగు దొరుకుతుంది. దాన్ని కూడా రోకలిబండ పిల్ల అంటారు. తల దగ్గర చూడండి, ఆరే కాళ్లు. అది ఒక పెంకుపురుగు పిల్ల.

ఇక మొదటి డబ్బా. ఇటుక రంగు, తుప్పు రంగు అనుకోండి. ఐదారు సెంటీమీటర్ల పొడవు, చూపుడువేలంత. కణుపు కణుపుకూ మధ్య కొంచెం ముదురు రంగు గీత. దీని పేరు ట్రైగోనియులస్ కొరాలినస్. సొంతూరు ఆగ్నేయాసియా అంటారు, కానీ ఇవాళ అది లేని ఉష్ణమండలపు ఊరు చెప్పడం కష్టం. సింగపూర్‌లో ఉంది, హవాయిలో ఉంది, ఫ్లోరిడాలో ఉంది, కరీబియన్ దీవుల్లో ఉంది. మన నెల్లూరులో మాగుంట లేఔట్ పార్కు అయినా, పొదలకూరు దగ్గర నిమ్మతోట అయినా, వాన వెలిసిన రాత్రి టార్చి వేస్తే మొదట కనపడేది ఇదే. 2015లో దీని జన్యుపటం మొత్తం చదివారు. రోకలిబండల్లో అలా మొదట చదివింది దీన్నే.

రెండో డబ్బాది దీనికంటే చిన్నది, రెండు సెంటీమీటర్లు. నల్లగా, చదునుగా ఉండి రెండు పక్కలా అంచుల కొనలు పసుపు రంగులో మెరుస్తుంటాయి. దూరం నుంచి చూస్తే నల్లచీర పక్కలకు పసుపు అంచు వేసినట్టు. ఇది ఆసియోమార్ఫా కోఆర్క్టేటా. దీనికీ దీని క్రమంలోని మిగతా వాటన్నిటికీ కళ్లు లేవు. మీసాలతో తడుముకుంటూనే పోతుంది. వీటిలో ఎదిగినవాటికి దాదాపు అన్నిటికీ 20 కణుపులే ఉంటాయి. పిల్లలు లెక్కపెట్టడానికి ఇంతకంటే మంచి జంతువు లేదు. మొదటి కణుపుకు కాళ్లుండవు, అది మెడపట్టీ లాంటిది. రెండు, మూడు, నాలుగు కణుపులకు ఒక్కో జత. ఐదు నుంచి పద్దెనిమిది దాకా రెండేసి జతలు. చివరి రెండింటికి లేవు. కూడండి చూద్దాం.

(సభలోంచి ఒక అమ్మాయి: "ముప్పై ఒకటి సార్!")

శభాష్ తల్లీ. ముప్పై ఒక్క జతలు. ఆడదానికి సరిగ్గా అంతే. మగదానికి నడిచే కాళ్లు ముప్పై జతలే ఉంటాయి. ఆ తగ్గిన ఒక్క జత ఎక్కడికి పోయిందన్నది ఈ సాయంత్రపు అసలు ప్రశ్న, దానికి మళ్లీ వస్తాను.

ఈ రెండూ మన ఊళ్లోకి ఎలా వచ్చాయి? నడిచి రాలేదు. వీటి నడక మీరు చూస్తున్నారుగా. కుండీ మట్టిలో గుడ్లుగా, మొక్క వేళ్ల మధ్య పిల్లలుగా వచ్చాయి. ఒకప్పుడు ఓడల్లో మొక్కలతోపాటు సముద్రాలు దాటాయి. ఇప్పుడు లారీల్లో వస్తున్నాయి. కడియం నర్సరీ నుంచి మనం గులాబీ మొక్క తెచ్చుకున్నామంటే ఆ మట్టి ముద్దలో ఏమేం వచ్చాయో ఎవరికి తెలుసు. అందుకే ఉష్ణమండలపు నగరాల్లో ఎక్కడికి వెళ్లినా అవే కొద్ది జాతులు ఎదురవుతాయి. ఇది గుర్తుపట్టేవాళ్లకు పెద్ద వరం. ఊళ్లో దొరికినదాన్ని రంగు, ఆకారం, సైజు చూసి ఒక జాతి పేరు దాకా వెళ్లగలం.

ఊళ్లో ఉండేవన్నీ పరదేశీయులే అనుకోకండి. జెనోబోలస్ కార్నిఫెక్స్ అని ఒకటుంది. గుండ్రటి రకమే, నల్లటి ఒంటి మీద వీపు పొడవునా ఎరుపు చార ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది. ఇండియాలోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. 1775లోనే దీనికి ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. తమిళనాడు సముద్రతీరంలో కప్పిన పూరిళ్లలో చేరి, పాతబడిన కొబ్బరాకుల, తాటాకుల కప్పును తింటూ, వానాకాలం కిందకి రాలుతుంటుంది. మా అవ్వ వాళ్లది సముద్రం పక్క పల్లె. చిన్నప్పుడు ఆ ఇంట్లో వానాకాలం అన్నం తినేటప్పుడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకోమనేది అవ్వ. పైనుంచి పడేవి ఎర్రటివని మాత్రం గుర్తుంది. అది ఈ జాతేనా అంటే నేను చెప్పను. అరవై ఏళ్ల కిందటి జ్ఞాపకాన్ని పట్టుకుని జాతి పేరు పెట్టకూడదు. ఇప్పుడా కప్పులన్నీ స్లాబులయ్యాయి. మీలో ఎవరికైనా సముద్రం ఒడ్డున పాత పూరిల్లు, తాటాకు పాక కనిపిస్తే, ఒకసారి కప్పు అంచులు చూసి ఫొటో తీయండి. నా కోరిక అది.

అడవికి వెళితే కథ మారిపోతుంది. మన జిల్లాకు పడమట వెలిగొండలున్నాయి. రాపూరు దాటి పెంచలకోన లోయలోకి దిగితే, ఎండిపోయిన ఈ ప్రాంతంలో అంత పచ్చదనం ఎక్కడిదా అనిపిస్తుంది. ఏడేళ్ల కిందట నవంబరులో, దర్శనం చేసుకుని, జలపాతం వైపు కాలిబాటలో నడుస్తున్నాను. ముందురోజు పెద్ద వాన. రాళ్ల మధ్య ఆకుల మీద ఒకటి పోతోంది. మగవాళ్ల బొటనవేలంత లావు, జానెడు పొడవు, నిగనిగలాడే ముదురు గోధుమ నలుపు. నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను. నా వెంట వచ్చినవాళ్లు కొండ ఎక్కి దిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

దాని ముఖం చూశాను. ఇది మీరూ చూడవచ్చు. గుండ్రటి రకాల్లో పెద్దవి మనకు ముఖ్యంగా రెండు క్రమాలవి. ఒకటి స్పైరోబోలిడా, ఇందాకటి ఇటుక రంగుది అందులోదే. దాని ముఖాన్ని ఎదురుగా చూస్తే నుదుటి నుంచి పెదవి దాకా నిలువుగా ఒక గాడి స్పష్టంగా కనిపిస్తుంది, నామం గీసినట్టు. రెండోది స్పైరోస్ట్రెప్టిడా, దానికి ఆ నిలువు గాడి అలా కనిపించదు. పెంచలకోనలో నేను చూసినదానికి గాడి కనిపించలేదు. కాబట్టి నా పుస్తకంలో "స్పైరోస్ట్రెప్టిడా, పెంచలకోన" అని రాసుకుని, కింద గీత గీసి ఆపేశాను. ఇప్పటికీ అంతే ఉంది.

ఎందుకు ఆపానంటే, అడవి రోకలిబండలు ఊరివాటిలా తిరిగేవి కావు. ఒక కొండ మీద పుట్టింది ఆ కొండను దాటి పోలేదు. మధ్యలో ఎండిన మైదానం ఉంటే అది వాటికి సముద్రంతో సమానం. వాటి ఊపిరి రంధ్రాలు మూసుకునేవి కావు, ఒంటి మీద నీటిని పట్టి ఉంచే మైనపు పూత లేదు. తడి లేకపోతే త్వరగా ఎండిపోతాయి. అలా లక్షల ఏళ్లు ఎక్కడివక్కడ ఉండిపోయి, కొండకొక జాతిగా విడిపోయాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలా నల్లగా, గుండ్రంగా ఉంటాయి. 1936లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆటెమ్స్ భారతదేశపు రోకలిబండలన్నిటినీ వర్ణిస్తూ చేసిన పెద్ద పనిని కలకత్తా ఇండియన్ మ్యూజియం అచ్చువేసింది. ఆ వర్ణనల్లో జాతిని తేల్చే గుర్తు వీపు రంగు కాదు.

ఏది మరి? ఇందాక తగ్గిన ఆ జత కాళ్లు. గుండ్రటి రకంలోనూ చదును రకంలోనూ ఎదిగిన మగదానికి ఏడో కణుపు కింద, కాళ్లు ఉండాల్సిన చోట, కాళ్లు మారిపోయి వేరే అవయవాలుగా ఉంటాయి. ఆడదానికి బీజాన్ని అందించేవి అవే. వాటిని గోనోపాడ్లు అంటారు. చదును రకంలో ఒక్క జతే అలా మారుతుంది, అందుకే ముప్పై ఒకటి కాస్తా ముప్పై అయింది. ఇటుక రంగు దానికి ఆ కణుపులోని రెండు జతలూ మారిపోతాయి. వీటి ఆకారం జాతికొక తీరు. తాళంచెవి పళ్లు తాళానికొక తీరుగా ఉన్నట్టు. కొక్కేలు, ముడతలు, సన్నటి కొరడాలు, చెంచాలు, మైక్రోస్కోపు కింద చూస్తే కంసాలి పనిలా ఉంటుంది. శాస్త్రవేత్తలు పేరు పెట్టేది దాన్ని చూసే.

అందుకని అడవిలో ఆడది దొరికినా, పిల్ల దొరికినా, చాలాసార్లు ఎంత పెద్ద నిపుణుడైనా జాతి పేరు చెప్పలేడు. గుడ్డు పగిలి వచ్చిన పిల్లకు మూడు జతల కాళ్లే ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా కొన్ని కణుపులు, కొన్ని కాళ్లు చేరుతూ పోతాయి. కణుపులు తక్కువున్నాయి కాబట్టి ఇది వేరే జాతి అనుకుంటే మోసపోతాం. అది చిన్నపిల్ల కావచ్చు. మా కాలేజీలో పిల్లలు రికార్డు పుస్తకంలో దొరికిన ప్రతిదానికీ రెండు ముక్కల లాటిన్ పేరు రాసుకొచ్చేవాళ్లు. నేను కొట్టేసేవాణ్ణి. కోపగించుకునేవాళ్లు, "పేరు లేకపోతే మార్కులు పోతాయి సార్" అని. ఎంతవరకు చూశావో అంతవరకే పేరు రాయి, అది రాస్తే పూర్తి మార్కులు వేస్తానని చెప్పేవాణ్ణి, వేసేవాణ్ణి కూడా. "గుండ్రటి రకం, ముఖంలో గాడి ఉంది, ఆడది" అని రాసినవాడు చూశాడు. గూగుల్లో బొమ్మ పోల్చి పేరు దించుకున్నవాడు చూడలేదు.

ఇప్పుడు ఫోన్లలో ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లున్నాయి. నాకు వాటి మీద గౌరవం ఉంది, నేనూ వాడుతున్నాను. ఫొటో పెట్టగానే ఒక జాతి పేరు చూపిస్తుంది. ఊళ్లో దొరికినదైతే చాలావరకు సరిపోతుంది. అడవిదైతే ఆ పేరు తీసుకోకండి, క్రమం పేరు దగ్గర ఆగండి. ఫొటో తీసేటప్పుడు వీపు ఒక్కటే తీస్తే చాలదు. ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, తోక చివర ఒకటి తీయండి. అన్నిటికంటే ముఖ్యం కింద వైపు. దానికి చిన్న ఉపాయం ఉంది. గాజు గ్లాసులోకో, అడుగు పారదర్శకంగా ఉండే డబ్బాలోకో ఎక్కించి, పైకెత్తి కిందనుంచి తీయండి. తల దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఏడో కణుపు దగ్గర కాళ్ల వరసలో ఒక ఖాళీ కనిపించిందా, అది మగది. ఆ ఫొటో ఒక్కటి ఉంటే నిపుణులు మీకు ఎంతో చెప్పగలరు. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, తేదీ, చోటు రాయండి. పెంచలకోన చుట్టూ ఉన్నది అభయారణ్యం, అక్కణ్ణుంచి దేన్నీ డబ్బాలో వేసుకుని తీసుకురావడానికి లేదు. ఫొటో చాలు.

వాసన కూడా ఒక గుర్తే. చాలా రకాల రోకలిబండలకు పక్కల వరసగా సన్నటి రంధ్రాలుంటాయి, భయపడితే వాటిలోంచి ద్రవం వస్తుంది. చదును రకాన్ని గుప్పిట్లో కొంచెం ఊపి వాసన చూస్తే బాదం ఎసెన్స్ వాసన వస్తుంది. అది బెంజాల్డిహైడ్. దానితోపాటే కొద్దిగా హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. మనిషికి ప్రమాదమయ్యేంత కాదు, కానీ మూతపెట్టిన చిన్న సీసాలో దానితోపాటు వేరే పురుగుల్ని వేయకండి, చనిపోతాయి. గుండ్రటి రకానిది వేరే. అది పసుపు గోధుమ రంగు ద్రవం, అందులో బెంజోక్వినోన్లు అనే రసాయనాలు ఉంటాయి. వెనిజులాలో కొన్ని కోతులు దోమలు రాకుండా ఈ ద్రవాన్ని ఒంటికి పూసుకుంటాయని పరిశోధకులు గమనించారు. మనం మాత్రం ఆ పని చేయకూడదు, ఎందుకో చెబుతాను.

మా అక్క కొడుకు, అప్పుడు ఎనిమిదో తరగతి. ఇలాంటి వానల రోజే, బూటు వేసుకుని బడికి పోయాడు. సాయంత్రం వచ్చి విప్పితే రెండు కాలివేళ్లు నల్లగా, ఊదాగా మాడినట్టున్నాయి. అక్క ఏడ్చుకుంటూ ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ చూసినాయన రక్తం ఆడటం లేదేమో, వేళ్లు చచ్చుబడ్డాయేమో అన్నారు. పెద్ద ఊరికి తీసుకుపొమ్మన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. పొద్దున నేను వెళ్లి వేలు గిల్లాను, వాడు "అబ్బా మామా!" అన్నాడు. వేడిగానే ఉంది, స్పర్శ ఉంది. బూటు తెచ్చి దులిపితే అణిగిపోయిన రోకలిబండ ఒకటి రాలింది. మరకే అది. నేరేడుపండు తిన్న నాలుకలాగా చర్మానికి రంగు పట్టింది, అంతే. రెండు వారాలకు దానంతట అదే పోయింది. వైద్య పత్రికల్లో కూడా ఇలాంటి కేసులే ఉన్నాయి, మరకను చూసి వేలు కుళ్లిందని పొరబడినవి. డాక్టర్ల తప్పని నేను అనను. రోకలిబండ మరక ఇలా ఉంటుందని వాళ్లకూ మనకూ ఎవరూ చెప్పలేదు. కాబట్టి వానాకాలం బూట్లు దులిపి వేసుకోండి. ద్రవం చర్మానికి అంటితే సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం ఆలస్యం చేయకుండా, ధారగా మంచినీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరుకు చూపించండి. కన్నుతో ఆటలొద్దు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా.

(సభలోంచి ఒకావిడ: "మా మిద్దెతోటలో వందల్లో వస్తాయండీ. గోడలెక్కుతాయి, ఇంట్లోకి వస్తాయి. ఫినాయిలు పోస్తున్నాం. మొక్కల్ని తినేస్తాయా?")

వాటి తిండి ప్రధానంగా కుళ్లిన ఆకు, కుళ్లిన కట్టె. వాటిని నమిలి, చిన్న గుళికలుగా వదిలితే, ఆ తర్వాత సూక్ష్మజీవులకు పని తేలికవుతుంది. మీ కంపోస్టు తొందరగా నల్లబడుతోందంటే అందులో వాటి కష్టం కూడా ఉంది. మరీ ఎక్కువైనప్పుడు లేత నారునూ, మట్టికి ఆనుకున్న పండునూ కొరికితే కొరకవచ్చు. నారు కుండీలో మొదలు దగ్గర ఆకుచెత్త కప్పకండి, పండు కింద ఒక పెంకు పెట్టండి. ఇంట్లోకి ఎందుకొస్తాయంటారా, మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మట్టిలో సందులన్నీ నీళ్లతో నిండితే వాటికి ఊపిరాడదు, పైకి వస్తాయి, గోడ ఎక్కుతాయి, తలుపు సందులో దూరుతాయి. ఇంట్లో తడి లేక రెండు రోజుల్లో వాటంతట అవే ఎండిపోతాయి. తర్వాత మూలల్లో తెల్లటి రింగులు కనిపిస్తాయే, బొమ్మ గాజుల్లాగా, అవి వాటి పెంకులే. వాటి పెంకులో సున్నం ఉంటుంది. ఫినాయిలు పోస్తే కుండీలో వానపాము కూడా పోతుంది. గోడ పక్కనున్న ఆకుల కుప్పను రెండడుగులు జరపండి, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. లోపలికి వచ్చినదాన్ని చేటలోకి చిమ్మి బయట పారేయండి. వందలు మీకు ఎక్కువనిపిస్తున్నాయి. జపాన్‌లో ఎనిమిదేళ్లకొకసారి ఒక జాతి ఒక్కసారిగా పైకి వస్తుంది. 1920లో పట్టాల మీద అవి నలిగి, చక్రాలు జారి రైళ్లు ఆగిపోయాయి.

ఇంకో సంగతి. వాటిని తినేవాళ్లు కూడా మీ తోటలోనే ఉంటారు. ఒక రోకలిబండ చుట్టూ ఎర్రగా, నల్లగా ఉండే నల్లి లాంటి పురుగులు నాలుగైదు గుంపుగా ముట్టె గుచ్చి కూర్చున్నాయా, వాటిని చంపకండి. రోకలిబండల్ని పీల్చి బతికే పురుగులవి. ఫినాయిలు వాటినీ చంపుతుంది.

(ఒక అబ్బాయి: "సార్, చెవిలో దూరుతుందంట కదా?")

రోకలిబండ చెవుల కోసం వెతుక్కుంటూ రాదు నాయనా. దానికి కావలసింది తడి ఆకు. నేలమీద పడుకున్నప్పుడు ఏ పురుగైనా పొరపాటున దూరొచ్చు, అందుకే వానాకాలం మంచం మీద పడుకో. జెర్రికి మాత్రం భయపడు, అది న్యాయమైన భయం.

సరే, వాన కూడా తగ్గినట్టుంది. ఇప్పుడు పిల్లలంతా ముందుకు రండి. తోసుకోకండి, అందరికీ చూపిస్తాను. ఈ గ్లాసు అడుగు మంచి పారదర్శకంగా ఉంటుంది. మొదటి డబ్బాలోని ఇటుక రంగు దాన్ని ఇందులోకి ఎక్కిస్తున్నాను. పొద్దున్నుంచి నేను దాన్ని కిందనుంచి చూడలేదు, మీతో కలిసి చూద్దామని. మగదో ఆడదో నాకూ తెలియదు. టార్చి ఇటు పట్టుకో అమ్మా. చుట్ట విప్పుకునేదాకా ఎవరూ బల్ల కదపొద్దు. అదిగో, మీసాలు బయట పెట్టింది. ఇప్పుడు తల నుంచి మొదలుపెట్టండి, గట్టిగా లెక్కపెట్టండి. మెడపట్టీ ఒకటి...